ఓర్సొలా కూర్చునే చోటు

లిండెన్‌బ్రున్ కోట పక్కన కడుతున్న నాటకశాల పూర్తయిందని ఊరంతా అనుకుంటుంటే, దాన్ని కట్టిన పెత్రోనియో మలగూతి మాత్రం ఇంకా కాలేదనేవాడు. దొరలు కూర్చునే గూళ్ళకు బంగారు పూత పూశారు. పైకప్పు మీద గీసిన మబ్బులకూ, మబ్బుల్లో బొద్దుబొద్దు దేవదూతలకూ రంగు ఆరిపోయింది. తెర లేస్తోంది, దిగుతోంది. మిగిలింది ఒకే ఒక్క మేకు. అన్నిటికన్నా పైన, నౌకర్లూ గుర్రాలవాళ్ళూ కూర్చునే అటకలో, చిట్టచివరి బల్ల వెనక గోడకు ఒక పలక ఉంది. దానికి కింది మేకు కొట్టారు గాని పై మేకు కొట్టలేదు. ఆ మేకు పెద్ద వడ్రంగి ఎర్కొలే టోపీ మడతలో ఉంది.

ఇటలీలోని బొలోన్యా నుంచి ఆయన వెంట వచ్చిన పనివాళ్ళకు ఇది కొత్త కాదు. పెత్రోనియో ఏ దేశంలో ఏ రాజుకు నాటకశాల కట్టినా, ఆ పలక బిగించే ముందు ఆయన భార్య ఓర్సొలా వచ్చి ఆ బల్ల మీద కూర్చోవాలి. ఆయన వేదిక మీద నిలబడి, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే ఏదో ఒకటి మాట్లాడాలి. ఆవిడ పైనుంచి “వినపడుతోంది” అనాలి. అప్పుడు గాని ఆ మేకు దిగేది కాదు. ఆవిడ అనకపోతే, ఆ పలక ఊడదీసి, గోడ వంపు మార్చి, మళ్ళీ మొదలు. మొదట్లో నోరు నొక్కుకుని నవ్వినవాళ్ళే తర్వాత తర్వాత ఆవిడ మెట్లెక్కుతుంటే సుత్తులు ఆపి నిలబడేవాళ్ళు.

ఇప్పుడు ఓర్సొలా లేదు. పోయిన చలికాలంలో చనిపోయింది. ఊరి చివర చిన్న గుడి వెనక, ఇటలీ వాళ్ళకని వదిలిన చోట ఆవిడను సమాధి చేశారు. అందుకే ఆ మేకు అలా టోపీలోనే ఉండిపోయింది.

ఆవిడను ఆయనకు చూపించింది కూడా ఒక నాటకశాలే. అప్పటికి పెత్రోనియో ఇంకా కుర్రవాడు. తెరలమీద కోటలూ తోటలూ గీసే తండ్రి దగ్గర పని నేర్చుకుని, బొలోన్యాకు పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో మొట్టమొదటి నాటకశాల కడుతున్నాడు. రొట్టెల కొట్టువాడి కూతురు పనివాళ్ళకు రోజూ రొట్టెలు తెచ్చేది. ఒకనాడు ఆ పిల్ల అటక మీద వాళ్ళకు రొట్టెలు పంచుతుండగా, కింద వేదిక మీద పెత్రోనియో రొట్టె కొరికి, పక్కవాడితో మెల్లగా, “ఇది రొట్టా, పునాది రాయా?” అన్నాడు. పైనుంచి వెంటనే జవాబు వచ్చింది.

“పళ్ళు లేనివాళ్ళు పాలలో ముంచుకుని తినాలి.”

పనివాళ్ళంతా విరగబడి నవ్వారు. పెత్రోనియో మొహం ఎర్రబడింది గాని, ఆయనకు తట్టింది వేరే సంగతి. తను గొణిగిన మాట అంత దూరం ఎలా వెళ్ళింది? గోడ వంపు చూశాడు, కప్పు చూశాడు, పలకల మందం చూశాడు. మర్నాడు ఆ పిల్లను బతిమాలి అక్కడే కూర్చోబెట్టి మళ్ళీ మాట్లాడాడు. ఆ మర్నాడూ కూర్చోబెట్టాడు. నాటకశాల పూర్తయ్యేసరికి పెళ్ళి కూడా కుదిరింది.

తర్వాత ఆయన పేరు కొండల అవతలికి వెళ్ళింది. ఆల్ప్స్ దాటితే ప్రతి చిన్న ప్రభువుకూ ఒక నాటకశాల కావాలి, అది ఇటలీవాడే కట్టాలి. ఒక ఊళ్ళో పని పూర్తయ్యేలోగా ఇంకో ఊరి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఇల్లంటూ ఒకటి లేదు. అద్దె గదులు, తెలియని భాష, ఉడికించిన క్యాబేజీ వాసన. పిల్లలు కలగలేదు. వాళ్ళకంటూ ఉన్నది ఒక పెద్ద చెక్కపెట్టె.

“ఇదే ఆఖరిది, ఓర్సొలా. ఇది కాగానే మనూరు వెళ్ళిపోదాం. మీ నాన్న కొట్టు పక్కన రెండు గదులు చూసుకుందాం,” అనేవాడు ప్రతిసారీ.

“సరేలే,” అనేది.

కొన్నాళ్ళకు ఆయన తల వంచుకుని ఇంటికి వచ్చి, కొత్త ఊరి సంగతి ఎలా ఎత్తాలా అని గుమ్మంలో తచ్చాడుతుంటే, పెట్టె అప్పటికే గది మధ్యకు వచ్చి ఉండేది. ఉన్ని బట్టలు అడుగున, గిన్నెలు గుడ్డల్లో చుట్టి పక్కన, ఆయన గీతల కాగితాల చుట్టలు పైన. “నీకెట్లా తెలిసింది?” అని అడిగితే, “నీ మొహం చూస్తే తెలియదా?” అనేది. ఆడవాళ్ళకు ఇవన్నీ ముందే తెలిసిపోతాయి కాబోలు అనుకుని, బరువు దిగినట్టు పెత్రోనియో తిండికి కూర్చునేవాడు.

లిండెన్‌బ్రున్ వచ్చాక ఆవిడకు ఒంట్లో ఓపిక తగ్గింది. ఇక్కడ చలికాలం ఒకసారి వచ్చిందంటే కదలదు. నాటకశాల గోడలు లేచి, కప్పు పడ్డాక, పరీక్ష కోసం ఆవిడ అటక మీద చాలాసార్లు కూర్చోవలసి వచ్చింది. ఒకరోజు ఆవిడ తనతో చిన్న మట్టి కుంపటి తెచ్చుకుంది. బొలోన్యాలో ఆడవాళ్ళంతా చలికాలం గుడికి పోయినా, బజారుకు పోయినా పావడా కింద పెట్టుకునేదే. ద్వారం దగ్గరే పెత్రోనియో ఆపాడు.

“లోపల నిప్పు కూడదు. ఈ కట్టడమంతా చెక్కా, జిగురూ, గుడ్డా. పనివాళ్ళను చుట్ట కూడా కాల్చుకోనివ్వను. పెళ్ళానికి ఒక రూలూ, పనివాళ్ళకు ఒక రూలూ అంటే ఎలా చెప్పు?”

“నేను పనిదాన్ని కాదనా, పెళ్ళాన్ని కాదనా?” అని నవ్వి, కుంపటి అక్కడే పెట్టి ఆవిడ పైకి వెళ్ళింది. మేజోళ్ళు అల్లుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది. ఆ వారంలోనే దగ్గు పట్టుకుంది. దగ్గు గుండెల్లోకి దిగింది.

మంచం మీద ఉన్నప్పుడు ఆవిడ ఆ నాటకశాల గురించి ఒకటే అడిగింది. “నేను కూర్చునే చోట వీపుకు ఒక సందులోంచి గాలి కొడుతుందయ్యా. రేపు చంటిపిల్లల తల్లులు కూర్చుంటారు అక్కడ. ఆ సందు కాస్త చూడు.”

“చూస్తాను,” అన్నాడు పెత్రోనియో.

ఆవిడ పోయాక ఆయన చేసిన మొదటి పని అదే. కోట సామాన్ల కొట్టు నుంచి మందపాటి ఉన్ని కంబళ్ళు తెప్పించాడు. అటక వెనక గోడ మొత్తం, ఒక్క అంగుళం కూడా వదలకుండా, కంబళ్ళు కొట్టించాడు. అటక నేల పలకల కింద గడ్డి కూరించాడు. ఇక్కడి వాళ్ళు ఇళ్ళల్లో చేసేదే. కానీ ఇదంతా చేయించేటప్పుడు ఆయన పైకి ఎక్కలేదు. వేదిక మీద నిలబడి, “అక్కడ ఇంకో కంబళి, ఆ మూల ఇంకొకటి,” అని చెయ్యి చూపిస్తూ చేయించాడు. ఓర్సొలా పోయినప్పటి నుంచి మూడో అంతస్తు దాటి ఆయన అడుగు పడలేదు.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ మంచు పడింది. ప్రభువుగారి కూతురి పెళ్ళి కార్నివాల్ పండగ రోజుల్లో పెట్టుకున్నారు. ఉపవాస దినాలు మొదలైతే ఇక పాటా ఆటా ఉండదు. ఆ లోపలే తెర లేవాలి. గాయకులు వచ్చేశారు. వాళ్ళు వేదిక మీద పాడుతుంటే కింద కూర్చున్న కోట జనం తలలూపారు. పెత్రోనియో తల ఊపలేదు. పైన అటకలో ఎంత వినపడుతోందో ఆయనకు తెలియలేదు.

ముందు ఎర్కొలేను పంపాడు. ఎర్కొలే ఆయనకన్నా పెద్దవాడు, తొలి నాటకశాల నుంచీ వెంట ఉన్నవాడు. ఆయాసపడుతూ అటక ఎక్కి చివరి బల్ల మీద కూర్చున్నాడు. పెత్రోనియో వేదిక మీద నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే, “ఉల్లిపాయలు అయిపోయాయి, వస్తూ వస్తూ తీసుకురావాలి,” అన్నాడు.

“వినపడింది,” అని అరిచాడు ఎర్కొలే.

“ఏమన్నాను?”

“ఇంటికి పోదాం అన్నావు,” అన్నాడు ఎర్కొలే, తనకు కావలసిన మాటే ఎంచుకుని.

తర్వాత కోట దివాను లోసెన్‌గారు, ఆలస్యం ఎందుకో తేల్చుకుందామని, బొచ్చు కోటు వేసుకుని స్వయంగా ఎక్కారు. పెత్రోనియో అంతే మెల్లగా, “దివానుగారి తెల్ల గుర్రం కుంటిది, అమ్మినవాడు మోసం చేశాడు,” అన్నాడు.

“బ్రహ్మాండం, మేస్త్రిగారూ,” అన్నారు దివానుగారు పైనుంచి. “ఎంత చక్కగా చెప్పారు. ఇదే మాట ప్రభువుగారి చెవిన కూడా వేస్తాను.”

పక్కన నిలబడ్డ గాయకుడు నవ్వు ఆపుకోలేక తెర వెనక్కి పోయాడు. పెత్రోనియోకు నవ్వు రాలేదు. వినపడడం లేదని తేలిపోయింది. ఎందుకు వినపడడం లేదో మాత్రం ఆయన ఆలోచించలేదు. తన గొంతు తగ్గిందేమో అనుకున్నాడు. వీళ్ళందరికీ చెవుడేమో అనుకున్నాడు. ఉన్ని గుడ్డ మాటను మింగేస్తుందని ఈ పనిలో చేరి ఏడాది కానివాడికి కూడా తెలుసు. ఆ ఆలోచన గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఆయన తలుపు తియ్యలేదు.

ఆ రోజుల్లోనే ఉత్తరపు సముద్రం ఒడ్డున ఇంకో రాజు దగ్గరి నుంచి చిప్రియానో అనే పెద్దమనిషి వచ్చాడు. తనూ ఇటలీవాడే, వెనిస్ మనిషి. మాటలో తేనె పోస్తాడు. “ఇంతకన్నా రెట్టింపు పెద్దది, మేస్త్రిగారూ. మీరు ఊ అంటే చాలు. మంచు కరగగానే బండి పంపిస్తాం.” పెత్రోనియో ఊ అనలేదు, ఊహూ అనలేదు. చిప్రియానో రోజూ వచ్చి వేదిక పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు.

చివరికి ఎర్కొలే ఓపిక పోయింది.

“ఎన్నాళ్ళు మోయమంటావు ఈ మేకును? నా బట్టతలకు కూడా తుప్పు పట్టేట్టుంది. దివాను ఎక్కాడు, నేనెక్కాను, రంగులవాళ్ళు ఎక్కారు. ఎవరి మాటా నమ్మవు. పోనీ నువ్వే ఎక్కి కూర్చో. నీ చెవులేమన్నా తాకట్టులో ఉన్నాయా?”

“నేను కింద మాట్లాడేవాణ్ణి,” అన్నాడు పెత్రోనియో.

“మాట్లాడ్డానికి నేనున్నాగా. నన్ను ఆపేవాడు కావాలి గాని, మాటలకేం తక్కువ.”

పెత్రోనియో చాలాసేపు మెట్ల మొదట్లో నిలబడ్డాడు. మెట్లు చెక్కవి, ఇరుకు. రెండో మలుపు దగ్గర కమ్మీ చేతులు పడి నున్నబడింది. ఆవిడ అక్కడ ఆగి ఊపిరి తీసుకునేది. ఆయనా అక్కడ ఆగాడు. పైకి వెళ్ళేసరికి కళ్ళు చీకటికి అలవాటు పడలేదు. చేత్తో తడుముకుంటూ చివరి బల్ల దాకా పోయి కూర్చున్నాడు. ఆయన ఎన్నో నాటకశాలలు కట్టాడు. అందులో ఒక్కదాంట్లోనైనా ఈ బల్ల మీద కూర్చోలేదు.

ఇక్కడినుంచి వేదిక అరచేతంత ఉంది. ఎర్కొలే బొమ్మంత ఉన్నాడు. చేతులు ఊపుతూ ఏదో ఉపన్యాసం ఇస్తున్నాడు. పెత్రోనియోకు వినపడింది ఎవరో దుప్పటి కింద మాట్లాడుతున్నట్టు ఒక మూలుగు, అంతే.

అంతలో వాల్‌బుర్గ వచ్చింది. ఆవిడ పెత్రోనియో అద్దెకున్న ఇంటి యజమానురాలు, విధవ. మధ్యాహ్నపు తిండి గిన్నె మూత మీద గుడ్డ కట్టి తెచ్చి, వేదిక అనీ చూడకుండా బురద బూట్లతో నడుచుకుంటూ మధ్యకు వచ్చింది. ఎర్కొలేతో ఏదో అంది. ఎర్కొలే పైకి చూపించాడు. ఆవిడ కూడా పైకి చూసి, గిన్నె చూపిస్తూ ఏదో అంది. నోళ్ళు ఆడుతున్నాయి. మాట ఒక్కటీ రాలేదు.

“ఏమన్నారు?” అని అరిచాడు పెత్రోనియో.

వాళ్ళిద్దరూ కలిసి మళ్ళీ నోళ్ళు ఆడించారు.

అప్పుడే ఆయన వీపుకు చల్లగా తగిలింది. ఇన్ని కంబళ్ళు కొట్టించినా, ఎక్కడినుంచో సన్నగా, కత్తి మొనలా గాలి కొడుతోంది. వెనక్కి తిరిగి కంబళి అంచు పట్టుకుని లాగాడు. మేకులతో సహా ఊడి వచ్చింది. దాని వెనక ఆ పలక ఉంది. పై మేకు లేక కాస్త ముందుకు వంగి ఉంది. ఆ వంపులోంచి బయటి మంచు వెలుగు సన్నటి గీతలా కనిపిస్తోంది.

ఓర్సొలా చెప్పిన సందు అదే. గాలి వచ్చింది గోడలో వేరే ఎక్కడినుంచో కాదు. ఆవిడ “వినపడుతోంది” అనేదాకా కొట్టవద్దని ఆయన ఆపించిన మేకు దగ్గరినుంచే. ప్రతి ఊళ్ళోనూ, ప్రతి చలికాలంలోనూ, ఆవిడ సరిగ్గా ఆ పలకకు వీపు ఆనించి కూర్చుంది. ఆవిడ అడిగింది ఆ ఒక్క సందు మూయమని. ఆయన గోడంతా కప్పేసి, దాన్ని మాత్రం అలాగే వదిలేశాడు.

ఇంకో కంబళి లాగాడు. ఇంకొకటి. దుమ్ము లేచింది. దగ్గుకుంటూ, గోళ్ళు చీలుతున్నా ఆపకుండా లాగుతుంటే ఎర్కొలే రొప్పుకుంటూ పైకి వచ్చాడు. పట్టకారు తీసి రెండో చివరినుంచి మొదలుపెట్టాడు. సగం గోడ అయ్యాక పెత్రోనియో అన్నాడు.

“నీకు తెలుసు.”

“తెలియదూ మరి? కొట్టింది నేనే కదా.”

“చెప్పలేదేం?”

ఎర్కొలే పట్టకారు తుడుచుకున్నాడు. “ఎలా చెప్పను? కింద నిలబడి, అక్కడ ఇంకోటి కొట్టు, ఇక్కడ ఇంకోటి కొట్టు అంటున్నావు. మనిషికి దుప్పటి కప్పుతున్నవాణ్ణి ఆపినట్టుంటుంది. నోరు రాలేదు.”

నేల పలకలు రెండు లేపి గడ్డి కూడా బయటికి లాగారు. అటక నిండా మంచు చలి పరుచుకుంది. ఎర్కొలే కంబళ్ళ కట్ట భుజాన వేసుకుని కిందికి పోయాడు. పెత్రోనియో మళ్ళీ అదే చోట కూర్చున్నాడు.

కింద వాల్‌బుర్గ ఇంకా వెళ్ళలేదు. తిండి చల్లారుతోందని వేదిక అంచున కూర్చుని గిన్నెను శాలువాలో దాచుకుని ఉంది. ఎర్కొలే పోయి పక్కన చతికిలబడ్డాడు. ఇద్దరూ గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. పెత్రోనియోకు చెవి పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది ప్రతి మాటా.

“పొద్దుణ్ణించి ఏమీ తినలేదీ మనిషి,” అంది వాల్‌బుర్గ. “నిన్న బీరు పోసి కాచిన చారు ఈయన వదిలేస్తే కుక్కకు పోశాను. కుక్క కూడా నన్నే తిట్టుకుంది.”

“అది చేసినావిణ్ణి తిట్టుకుందేమో, పిన్నీ.”

“నీ నాలుక కొయ్య. ఆ అమ్మ అల్లుతూ అల్లుతూ వదిలేసిన మేజోడు పొయ్యి పైన మేకుకు వేలాడుతోంది. మసి పట్టింది, ఉతుకుతానంటే ముట్టుకోనివ్వడు. ఈ పని అయ్యాక ఏం చేస్తాడట?”

“ఏం చేస్తాడు? ఆ తేనె మాటలవాడు కూర్చుని ఉన్నాడుగా రోజూ. పోతాడు. నాకు తెలిసినప్పట్నించీ ఇంతే. ప్రతి ఊళ్ళోనూ వాడెవడో వస్తాడు, ఈయన ఇదిగో ఇక్కడే నిలబడి, మెల్లగా, సరే వస్తానంటాడు. ఇంటికెళ్ళి ఆవిడతో ఇదే ఆఖరిదంటాడు.”

“పాపం, ఆవిడ నమ్మేదా?”

“ఏమో పిన్నీ. పైన కూర్చుని అల్లుకునేది.”

పెత్రోనియో చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. గది మధ్యకు వచ్చి ఉన్న పెట్టె కళ్ళ ముందు కనిపించింది. అడుగున ఉన్ని బట్టలు, పక్కన గిన్నెలు, పైన కాగితపు చుట్టలు. ఒక ఊళ్ళో కాదు, అన్ని ఊళ్ళలో. నీ మొహం చూస్తే తెలియదా అనేది. ఆవిడకు మొహం చూడవలసిన పని ఏముంది? ఇక్కడ కూర్చుంటే వేదిక మీద సూది పడినా తెలుస్తుంది. అలా తెలిసేట్టు కట్టింది తనే. రొట్టె గట్టిగా ఉందని గొణిగితే జవాబు వచ్చిన నాడే తెలిసిన సంగతి అది. తను వినమన్న మాటే ఆవిడ వింటుందని, తక్కిన మాటలు ఆవిడ దాకా పోవని, ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నాడో ఆయనకే అర్థం కాలేదు.

విని, మెట్లు దిగి, ఇంటికి పోయి, పెట్టె సర్దింది. ఆయన ముందు పడి చెప్పలేడని, చెప్పవలసిన అవసరమే లేకుండా చేసింది. ఒక్కసారి కూడా “నేను విన్నాను” అనలేదు.

పెత్రోనియో గొంతు పెంచకుండానే, “ఎర్కొలే, మేకు పట్టుకురా,” అన్నాడు.

కింద ఇద్దరూ ఉలిక్కిపడి పైకి చూశారు. వాల్‌బుర్గ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “వింటున్నాడా ఏమిటీ మనిషి?”

“అంతా విన్నాను. చారు బాగుండలేదన్నది నిజమే, వాల్‌బుర్గమ్మా. కుక్కను ఏమీ అనకండి.”

ఎర్కొలే టోపీ తీసి, మడతలోంచి మేకు తీసి, ఏదో పూజ సామానులా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెట్లెక్కాడు. సుత్తి పెత్రోనియో తీసుకున్నాడు. ఎప్పుడూ ఎర్కొలేనే కొట్టేవాడు ఆ మేకు. ఈసారి అతను పలక నొక్కి పట్టుకున్నాడు. మూడు దెబ్బలకు దిగింది. వెలుగు గీత మాయమైంది. పెత్రోనియో ఆ పలకకు వీపు ఆనించి చూశాడు. చల్లగా లేదు.

మర్నాడు చిప్రియానో మామూలుగా పీట వేసుకుని కూర్చున్నాడు. పెత్రోనియో ఆయన్ను వేదిక మధ్యకు పిలిచాడు.

“ఏం తేల్చుకున్నారు, మేస్త్రిగారూ? బండి ఎప్పుడు పంపమంటారు?”

“పంపవద్దండి.”

“డబ్బు సంగతైతే మనం…”

“అది కాదు. నాకు పెట్టె సర్దేవాళ్ళు లేరు.”

చిప్రియానో నవ్వాడు. “దానికేముందండీ, నలుగురు నౌకర్లను పంపుతాం.”

పెత్రోనియో ఆయన వంక చూడలేదు. తల ఎత్తి, ఖాళీగా ఉన్న అటక వైపు, చివరి బల్ల వైపు చూస్తూ, ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్నాడు. “ఇదే ఆఖరిది.”

చిప్రియానో కూడా తల ఎత్తి చూశాడు, అక్కడ ఎవరున్నారా అని. ఎవరూ లేరు. ఆ సాయంత్రమే వేరే ఊరికి, వేరే మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పెత్రోనియో బొలోన్యాకు కూడా వెళ్ళలేదు. అక్కడ రొట్టెల కొట్టు ఎప్పుడో మూతపడింది. ఇక్కడ ఓర్సొలా ఉంది. కోట వాళ్ళ పొయ్యి గొట్టాలు, పైకప్పు కారడాలు, ధాన్యం కొట్ల నేలలు చూసుకుంటూ వాల్‌బుర్గ ఇంట్లోనే ఉండిపోయాడు. బతికినన్నాళ్ళూ అదే ఊరు. ఇక్కడి భాష నేర్చుకున్నాడు గాని, లెక్క పెట్టేటప్పుడూ, తిట్టుకునేటప్పుడూ మాత్రం బొలోన్యా మాటే వచ్చేది. ఆదివారాలు గుడి వెనక్కి పోయి కాసేపు నిలబడి వచ్చేవాడు. అక్కడ మాట్లాడేవాడు కాదు. మాట్లాడాలనుకుంటే నాటకశాలకు పోయేవాడు.

ఆ కార్నివాల్‌లోనే, ప్రభువుగారి కూతురి పెళ్ళినాడు తెర లేచింది. ప్రభువుగారి గూటి పక్కనే పెత్రోనియోకు ఎర్ర గుడ్డ పరిచిన కుర్చీ వేయించారు దివానుగారు. ఆ కుర్చీ ఖాళీగా ఉండడం చూసి మొహం చిట్లించుకున్నారు. పెత్రోనియో అప్పటికే అటక ఎక్కాడు. అక్కడ గుర్రాలవాళ్ళూ, వంటవాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ ఒకరి మీద ఒకరు పడి కూర్చుని ఉన్నారు. వెల్లుల్లి సాసేజి వాసన, తడి ఉన్ని వాసన. చివరి బల్ల మీద వంటింటి పనిమనిషి ఒకతె చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

“కాస్త జరుగుతావా తల్లీ,” అన్నాడు.

“రా తాతా, కూర్చో. కింద చోటివ్వలేదా నీకు?”

“ఇచ్చారు. ఇక్కడ బాగుంటుంది.”

“ఏం బాగు, గొర్రెల దొడ్డిలా ఉంది,” అంటూనే జరిగింది. బిడ్డను పలక వైపు జరిపి, వీపు దానికి ఆనించి కూర్చోబెట్టుకుంది. బిడ్డ మేలుకోలేదు.

తెర వెనక ఎర్కొలే ఎవణ్ణో తాడు సరిగ్గా పట్టుకోలేదని తిడుతున్నాడు, గుసగుసగా, బొలోన్యా తిట్లు. అటక మీద ఉన్నవాళ్ళకు ఆ భాష తెలియదు కాబట్టి సరిపోయింది. పెత్రోనియో ఒక్కడే నవ్వుకున్నాడు. వాయిద్యాలు మొదలయ్యాయి. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, మొదట చాలా సన్నగా, దారం లాగినట్టు లేచింది.

పనిమనిషి ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి జరిగి, ఆయన చెవి దగ్గర అడిగింది. “ఇంత దూరంలో ఉన్నాం కదా. నీకు వినపడుతోందా, తాతా?”

ఆ మాట ఇన్నేళ్ళూ కింద నిలబడి ఆయన అడిగిందే. పెత్రోనియో కళ్ళు తుడుచుకుని, పలకకు వీపు ఆనించుకున్నాడు.

“వినపడుతోంది,” అన్నాడు.